ఆకుపచ్చ దారం

మా అమ్మమ్మ వంటింట్లో మూడు సొరుగులు.
ఎర్ర దారం కట్టిన కత్తులు మాంసానికి,
నీలం దారానివి వెన్నకీ జున్నుకీ.
మూడోది ఇరుకు, లాగితే కీచుమంటుంది.
అందులో ఒక్కటే కత్తి, పిడికి ఆకుపచ్చ దారం.
అది పార్వె కత్తి.

పార్వె అంటే మాంసం కాదు, పాలూ కాదు.
గుడ్డు పార్వె. వంకాయ పార్వె. ఉప్పు, రొట్టె,
శుక్రవారాలు సందు చివర అమ్మే మార్గరీన్ కేకు పార్వె.
చేప కూడా పార్వేనే,
కానీ మాంసం కంచంలోకి రాదు, దాని గొడవ దానిది.
ఉల్లిపాయ పార్వె,
ఎర్ర దారం కత్తితో కోశావో, ఆ ఘాటు
మాంసాన్ని లాక్కుని లోపల దాచుకుంటుంది,
ఇక పాలగిన్నె దానికి తలుపు తియ్యదు.
"ఘాటున్నదానికే అంటు" అనేది అమ్మమ్మ.

మనుషుల మీదా వాడేది ఆ మాట.
కొత్త రబ్బీ ప్రసంగం పార్వె.
మామయ్య చూసొచ్చిన పిల్ల పార్వె,
ఉప్పు చాలదు, కారం అసలే లేదు.
అందరిలోకీ పార్వె మా తాతయ్య.
బారెండ్. ఆమ్‌స్టర్‌డామ్ మనిషి.
ఆంట్వెర్ప్ వచ్చి, రైలు వంతెన నీడలో
వజ్రాలు సానబట్టీ పట్టీ కళ్ళు గుంటలు పడ్డవాడు.
గోడకి ఏ రంగు వెయ్యాలన్నా, పిల్లకి ఏ పేరు పెట్టాలన్నా,
"నీ ఇష్టం, ఫ్రూమెట్."
"గోడ మీద పిల్లి" అనేది అమ్మమ్మ,
"అదైనా ఎప్పుడో ఓసారి దూకుతుంది."

మాంసం తిన్నాక పాలు ముట్టాలంటే
అతని వాళ్ళు ఒక గంట ఆగుతారు.
గలీసియా నుంచి మూటలు మోసుకొచ్చిన
ఆమె వాళ్ళు ఆరు గంటలు.
పెళ్ళయ్యాక మొగుడి గడియారమే నీ గడియారం అన్నాడు
శాస్త్రం తెలిసిన చుట్టం ఒకాయన.
అమ్మమ్మ వినలేదు.
తాతయ్య ఏమన్నాడో చెప్పక్కర్లేదు.

నవంబరులో పోయాడు.
అద్దాలకి దుప్పట్లు కప్పి
పొట్టి పీటల మీద ఏడు రోజులు కూర్చున్నాం.
మొదటి పూట ఉడికించిన గుడ్లు, చిరుశనగలంత కాయధాన్యాలు.
మూడో రోజు మధ్యాహ్నం పై అంతస్తు వాళ్ళు కోడి పులుసు తెచ్చారు.
తాతయ్య చెల్లెలు రోస్యె, పక్కన చేతికర్ర,
గోడ గడియారం చూసి
"గంటయింది, కాఫీలోకి పాలేవి?" అంది.

"పాలా? మా బారెండ్ కాఫీ నల్లగానే తాగేవాడు" అంది అమ్మమ్మ,
"అతనికి పాలు పడవు."

రోస్యె నవ్వేసింది, చావింట్లో ఉన్నానని మరిచి.
"వాడికా?
మీగడ కోసం నా జడ పట్టి లాగినవాడికా?
మా ఇంటికొస్తే వాడి కప్పులో
కాఫీ ఎక్కడుందో వెతుక్కోవాలమ్మా."

ఎవరూ ఏమీ అనలేదు. వంతెన మీద రైలు పోయింది.

శనివారాలు భోజనమయ్యాక
కిటికీ దగ్గర కూర్చునేవాళ్ళు ఇద్దరూ.
అతని గంట తీరిపోయేది, ఆమెవి ఇంకా అయిదు ఉండేవి.
ఆకుపచ్చ దారం కత్తితో ఆపిల్ కోసి
ఆమెకో ముక్క, తనకో ముక్క.
నలభై ఒక్క ఏళ్ళు.
ఆ పీట మీదే లెక్క వేశాను:
పది వేల గంటలు దాటింది, శనివారాలే తీసుకున్నా.

అమ్మమ్మ లేచి పాలు తెచ్చింది,
నీలం దారం చెంచాతో సహా రోస్యె ముందు పెట్టింది.
తర్వాత మూడో సొరుగు కీచుమంది.

ఇంట్లో ఆపిల్ లేదు.
మిగిలిన గుడ్డొకటి ఆ కత్తితో నిలువునా కోసి
సగం నాకిచ్చింది.
ఉప్పు అందించబోతే వద్దంది.
"చప్పగా ఉందా?"
ఉందన్నాను.
"తిను" అంది.